పల్లెలో బుద్ధ విహారం: స్థలం చూసిన నాటి నుంచి కుండ నీళ్ళు చల్లేదాకా

ఈ మధ్య దర్శి, పొదిలి, కనిగిరి వైపు నుంచి తెలిసినవాళ్ళు ఫోన్ చేసి ఒకటే అడుగుతున్నారు. "అన్నా, మా పల్లెలో చిన్న విహారం కట్టుకుందామనుకుంటున్నాం. ఎక్కడ మొదలుపెట్టాలి? ఎవర్ని పిలవాలి? ఆ రోజు ఏం చదవాలి?" ఫోన్లో చెప్తే సగం మర్చిపోతారు. అందుకని కూర్చుని రాస్తున్నా. మా పల్లెలో విహారం కట్టుకున్నప్పుడు మాకు కుదిరినవీ, మేం చేసిన తప్పులూ రెండూ ఇందులో ఉన్నాయి.

పునాది తియ్యకముందే ఒక సంగతి తెలుసుకోండి. భిక్షువుల నియమాల గ్రంథమైన వినయ పిటకంలో, చుల్లవగ్గ అనే భాగంలో ఉంది. మొదట్లో భిక్షువులకు నివాసాలు లేవు. చెట్ల కింద, గుహల్లో, శ్మశానాల్లో పడుకుని పొద్దున్నే ఊళ్ళోకి వచ్చేవాళ్ళు. రాజగృహంలో ఒక శ్రేష్ఠి, అంటే పెద్ద వర్తకుడు, అది చూసి, బుద్ధుడి అనుమతితో ఒక్క రోజులో అరవై కుటీరాలు కట్టించి సంఘానికి ఇచ్చాడు. అప్పుడు బుద్ధుడు చెప్పిన గాథ ఇలా మొదలవుతుంది:

సీతం ఉణ్హం పటిహన్తి, తతో వాళమిగాని చ
సరీసపే చ మకసే, సిసిరే చాపి వుట్ఠియో

చలిని ఆపుతుంది, ఎండని ఆపుతుంది, క్రూరమృగాల్ని, పాముల్ని, దోమల్ని, వానని ఆపుతుంది అని. ఆ తర్వాతే ధ్యానం మాట, ధమ్మం మాట వస్తాయి. విహారం మీద పలికిన తొలి ఆశీర్వాదంలో దోమలున్నాయి! నేను ఈ గాథ అర్థం తెలిసి చదివిన రోజు చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. విహారం పవిత్రం కావాలంటే ముందు అందులో మనిషి కాసేపు సుఖంగా కూర్చోగలగాలి. ఇక మీద చెప్పేదంతా దీన్ని పట్టుకునే చెప్తున్నా.

ముందు ఏడుగురు, తర్వాత స్థలం

ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 ప్రకారం విహారం నడపడానికి ఒక సొసైటీ పెట్టాలంటే కనీసం ఏడుగురు సభ్యులుండాలి. ఆ ఏడుగురిలో ముగ్గురైనా ఆడవాళ్ళు ఉండేట్టు చూసుకోండి. ఇది చట్టంలో ఉన్న మాట కాదు, నా అనుభవం. విహారానికి రోజూ వచ్చేది, ఊడ్చేది, దీపం పెట్టేది వాళ్ళు. కమిటీలో మాత్రం మగవాళ్ళే ఉంటే ఏడాది తిరిగేసరికి తలుపుకి తాళం పడుతుంది.

స్థలం సొసైటీ పేరు మీద రిజిస్టర్ చేయించుకోండి. ఎంత నమ్మకస్తుడైనా ఒక్క మనిషి పేరు మీద వద్దు. ఇచ్చేవాళ్ళది డీ-పట్టా (ప్రభుత్వం అసైన్ చేసిన) స్థలమైతే తొందరపడకుండా తహసీల్దారు ఆఫీసులో కనుక్కోండి. రోడ్డు పోరంబోకులో, ప్రభుత్వ స్థలంలో అనుమతి లేకుండా ఏ మతానికీ కొత్త కట్టడం కట్టకూడదని సుప్రీంకోర్టు 2009లోనే ఆదేశం ఇచ్చింది. రాత్రికి రాత్రి విగ్రహం పెట్టేద్దామని కుర్రాళ్ళు అంటారు. వద్దని చెప్పండి. పొద్దున్నే పోలీసు జీపు వస్తే అవమానం బుద్ధుడికి కాదు, మనల్ని నమ్మి వెంట వచ్చిన ముసలివాళ్ళకి.

ఇంకో భయం కూడా కొందరిలో ఉంది, బౌద్ధం తీసుకుంటే ఎస్సీ సర్టిఫికెట్ పోతుందని. పోదు. 1990లో చేసిన సవరణతో బౌద్ధులైన ఎస్సీలకు ఆ హోదా ఉంటుంది. మొదటి మీటింగులోనే ఇది గట్టిగా చెప్పండి. సగం మంది టెన్షన్ అక్కడే తీరిపోతుంది.

గది

నలభై మంది కింద కూర్చోవడానికి 20 అడుగుల పొడవు, 15 అడుగుల వెడల్పు చాలు. మన వైపు మేలో 44, 45 డిగ్రీలు కాస్తుంది. అందుకని డబ్బులు తక్కువైతే టైల్స్ మానేసి, ఎదురెదురు గోడలకి పెద్ద కిటికీలు, వాటికి దోమతెర జాలీ పెట్టించండి. నేలకి నాపరాళ్ళు వేయిస్తే చల్లగా ఉంటుంది. గోడలకి తెల్ల సున్నం చాలు. చుట్టూ ఒక అడుగు ఎత్తున అరుగు కట్టిస్తే, లోపలికి రావడానికి ఇంకా మనసు కుదరని వాళ్ళు ముందు అక్కడ కూర్చుంటారు. మా ఊళ్ళో మొదటి ఆర్నెల్లు అరుగు మీదే కూర్చుని విన్న పెద్దాయన ఇప్పుడు లోపల ముందు వరసలో కూర్చుంటున్నాడు.

వాస్తు చూపించాలా అని అడుగుతారు. అక్కర్లేదు. బోధివృక్షం కింద బుద్ధుడు తూర్పు ముఖంగా కూర్చున్నాడని చెప్తారు కాబట్టి విగ్రహాన్ని తూర్పుకి పెట్టడం వాడుక. మీ స్థలంలో కుదరకపోతే ఏ దిక్కైనా దోషం లేదు. రావి మొక్క నాటాలనుకుంటే మాత్రం గోడకి కనీసం 30 అడుగుల దూరంలో నాటండి. దాని వేళ్ళు పునాదిని వదిలిపెట్టవు.

"సీమ" వేయించాలా అని ఒకరిద్దరు అడిగారు. సీమ అంటే ఉపసంపద (భిక్షువుగా దీక్ష ఇవ్వడం) లాంటి సంఘకర్మలు చేసుకోవడానికి భిక్షువులు నిర్ణయించుకునే హద్దు. మనం వందన చేసుకునే విహారానికి దాని అవసరం లేదు.

విగ్రహం

చీమకుర్తి ప్రకాశం జిల్లాలోనే ఉంది. క్వారీల దగ్గర పాలిష్ యూనిట్లలో మిగిలిపోయిన నల్ల గ్రానైట్ ముక్కలు తక్కువకే దొరుకుతాయి, పీఠానికి భేషుగ్గా ఉంటాయి. విగ్రహాన్ని పల్నాడులోని దుర్గి శిల్పుల దగ్గర రాతిలో చెక్కించుకోవచ్చు. లేదా తేలిగ్గా ఫైబర్‌లో తెచ్చుకోవచ్చు. రాయి అయితే బరువు లెక్క ముందే వేసుకోండి. ఘనపుటడుగు గ్రానైట్ దాదాపు 80 కిలోలుంటుంది. మేం ఆ లెక్క వేసుకోక, పీఠం కింద మట్టిని సరిగా దిమ్మిస కొట్టకుండానే దిమ్మె కట్టేశాం. మొదటి వానాకాలానికి ఒక పక్క అంగుళం కుంగింది. మళ్ళీ విప్పి, కంకర పోసి, కాంక్రీటు వేసి కట్టాం. మీరు ముందే తాపీ మేస్త్రీకి బరువెంతో చెప్పండి.

పీఠం ఎత్తు మూడడుగులు ఉంటే కింద కూర్చున్న వాళ్ళు కాస్త తల ఎత్తి చూస్తారు, నిలబడ్డవాళ్ళకి ముఖం సూటిగా కనిపిస్తుంది. ముద్ర సంగతి మీ ఇష్టం. ధ్యానముద్రలో ఉంటే గది తనంతట తానే నిశ్శబ్దమవుతుందని నా అనుభవం.

విగ్రహం దిగిన రోజే నాలుగు పక్కల నుంచీ ఫోటోలు తీసి, కొలతలు రాసి, సొసైటీ రిజిస్టర్‌లో అంటించండి. ఎందుకంటారా? దొనకొండ మండలం చందవరంలో గుండ్లకమ్మ పక్కన కొండ మీద మహాస్తూపం ఉంది, 1970లలో తవ్వి బయటికి తీశారు. అక్కడి శిల్పం ఒకటి, బుద్ధుణ్ణి ఆరాధించే భక్తులున్న మూడో శతాబ్దపు సున్నపురాయి, దొంగల చేతిలో పడి ఆస్ట్రేలియా జాతీయ గ్యాలరీ దాకా వెళ్ళిపోయింది. 2016లో తిరిగి ఇచ్చారు. అది మనదేనని తేలడానికి అక్కరకొచ్చింది పాత ఫోటో. అలాగే మీ పొలంలో ఎప్పుడైనా పాత శిల్పం బయటపడితే తెచ్చి విహారంలో పెట్టుకోకండి. తహసీల్దారుకి చెప్పండి. అది చట్టం.

తేదీ, భంతేలు

ఆషాఢ పౌర్ణమి నుంచి ఆశ్వయుజ పౌర్ణమి దాకా భిక్షువులకు వర్షావాసం. ఉన్నచోటే ఉంటారు. ఆ మూడు నెలలు తప్పించి తేదీ పెట్టుకుంటే మంచిది. తప్పనిసరి అయితే అడగడానికి మొహమాటపడకండి. కోసల దేశంలో ఉదేనుడనే ఉపాసకుడు (గృహస్థ భక్తుడు) విహారం కట్టి వర్షావాసంలోనే కబురు పంపితే, భిక్షువులు రాలేమన్నారు. ఆయన నొచ్చుకున్నాడు. సంగతి తెలిసి బుద్ధుడు, ఇలాంటి పని మీద పిలిస్తే ఏడు రోజుల్లో తిరిగొచ్చేలా వెళ్ళొచ్చని అనుమతించాడు. మనలాంటి ఒక కమిటీ వాడి కోసం నియమంలో సందు ఇచ్చారన్నమాట. నవంబరు, డిసెంబరు మన తీరానికి తుపాన్ల కాలం, టెంటు నిలవదు. మాఘ, ఫాల్గుణ పౌర్ణములు మన ఎండా వానా చూసుకుంటే బాగా కుదురుతాయి.

భంతేల కోసం, అంటే భిక్షువుల కోసం, సికింద్రాబాద్ మహేంద్ర హిల్స్‌లోని ఆనంద బుద్ధ విహారలో అడగొచ్చు. నెల ముందు అడగండి. ఎంతమంది రావాలి అంటే, సంఘం అనిపించుకోవడానికి నలుగురు ఉండాలి, కానీ విహారంలో పరిత్త (రక్షణ కోరి చదివే సుత్తాలు) పఠనానికి ఒక్కరొచ్చినా చాలు. ఎవరూ దొరక్కపోతే త్రిశరణ (బుద్ధం, ధమ్మం, సంఘం శరణు అనడం), పంచశీలాలు తెలిసిన ఉపాసకులు నడిపించవచ్చు. ఆగిపోకండి.

ప్రాణప్రతిష్ఠ కాదు

పిలుపు కాగితంలో "ప్రాణప్రతిష్ఠ" అని అచ్చు వేయించకండి. రాయిలోకి మనం ఎవరినీ పిలవడం లేదు. బౌద్ధంలో చైత్యాలు, అంటే మొక్కేవి, మూడు రకాలు: బుద్ధుడి ధాతువులు (అస్థికలు) ఉన్నవి, బోధివృక్షంలా ఆయన వాడుకున్నవి, ఆయన్ని గుర్తు చేసేవి. విగ్రహం మూడో రకం. "బుద్ధరూప స్థాపన" అని రాయండి చాలు. అంబేడ్కర్ గారు 1954 డిసెంబరు 25న పుణె దగ్గర దేహూ రోడ్‌లో రంగూన్ నుంచి తెచ్చిన బుద్ధ విగ్రహాన్ని స్థాపించారు. ఆయన నాగపూర్‌లో బౌద్ధ దీక్ష తీసుకోవడానికి ఇంకా రెండేళ్ళు ఉంది అప్పటికి. మనం చేసేది ఆ వరసలోని పనే.

పెద్దవాళ్ళు కొబ్బరికాయ, పసుపు కుంకుమ తెస్తారు. వాళ్ళని కసురుకోకండి. మా నాయనమ్మ వరసావిడ ఒకామె పళ్ళెం పట్టుకుని గుమ్మంలో నిలబడి "ఏందబ్బయా, ఒట్టి చేతుల్తో రమ్మంటావా?" అంది. "పూలు తే అవ్వా, దీపం నువ్వే వెలిగించు" అన్నాను. ఆ రోజు మొదటి దీపం ఆమెదే. దీక్షలో అంబేడ్కర్ గారు చేయించిన ఇరవై రెండు ప్రతిజ్ఞలు తీసుకున్న వాళ్ళకి ఏది చేయకూడదో తెలుసు. తీసుకోని వాళ్ళకి ఏది చేయొచ్చో చూపించాలి.

ముందు రోజు సాయంత్రం

గది కడిగి ఆరబెట్టండి. పీఠం మీద తెల్ల గుడ్డ పరచండి. పంచశీల జెండా (బౌద్ధుల జెండా) రంగుల వరస తప్పకుండా చూసుకోండి: నీలం, పసుపు, ఎరుపు, తెలుపు, నారింజ, చివర అయిదూ కలిసిన పట్టీ. నీలం కర్ర వైపు ఉండాలి.

ఇప్పుడు పరిత్త నీళ్ళ కుండ. నిజంగా శ్రద్ధ పెట్టాల్సింది ఇక్కడే. కుమ్మరి దగ్గర కొత్త మట్టికుండ తీసుకోండి, పది పన్నెండు లీటర్లు పట్టేది. ముందు రోజంతా నీళ్ళలో నానబెట్టండి. మర్నాడు పోసే నీళ్ళు తాగే నీళ్ళయి ఉండాలి. కనిగిరి, పొదిలి వైపు బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ, కాబట్టి ఫిల్టర్ నీళ్ళ క్యాను తెప్పించి పోయండి. పిల్లల నోట్లో పోసే నీళ్ళవి.

పరిత్త చదివేటప్పుడు అందరూ పట్టుకునే దారం తెల్ల నూలుది, మూడు పోగులు కలిపి పేనింది. గది చుట్టూ ఒక్క చుట్టుకే 70 అడుగులవుతుంది. అక్కణ్ణించి విగ్రహం దాకా, కుండ దాకా, భంతేల చేతుల్లోకి, కూర్చున్నవాళ్ళ చేతుల్లోకి రావాలి, ఆఖర్లో ముక్కలు చేసి అందరి మణికట్టుకీ కట్టాలి. వంద మీటర్ల ఉండ ఒకటి తెచ్చుకుంటే చాలు. చిక్కు పడకుండా ముందే ఒక కర్రకి చుట్టిపెట్టండి.

"కుండేంది, దారమేంది, ఇది కలశం కాదా?" అని చదువుకున్న కుర్రాళ్ళు అడుగుతారు. మంచి ప్రశ్న. అమరావతి స్తూపం దగ్గర దొరికిన ఒక రాతిపలక మీద నిండు కుండ చెక్కి ఉంది. కింద శాసనంలో దాత పేరు ఉంది: విధికుడు, చమ్మకారుడు. చెప్పులు కుట్టేవాడు, తోలు పనివాడు. తల్లితో, భార్యతో, అన్నదమ్ములతో, కొడుకు నాగుడితో, కూతుళ్ళతో కలిసి ఇచ్చాడట. అమరావతి శిల్పంలోని ఆ పూర్ణఘటమే ఇవాళ మన రాష్ట్ర చిహ్నం మధ్యలో ఉంది. ఈ సంగతి మా పల్లెలో చెప్పినప్పుడు, జీవితమంతా తోలు పని చేసిన ఒక తాత తన అరచేతులు తిప్పి చూసుకున్నాడు. ఆ కుండ మనది. నిస్సంకోచంగా పెట్టుకోండి.

ఆ రోజు

అన్నిటికన్నా ముఖ్యం గడియారం. భిక్షువులు మధ్యాహ్నం పన్నెండు దాటితే తినరు. మా విహారం రోజున మైకు దొరికిందని ఒక నాయకుడు గంటన్నర మాట్లాడాడు. ఆయన దిగేసరికి ఒంటిగంట. వండిన అన్నం అలాగే ఉంది. భంతే నవ్వుతూ మంచినీళ్ళు తాగి లేచారు. ఆ రోజు వంటచేసిన ఆడవాళ్ళ ముఖాలు నాకింకా గుర్తే. అందుకని ఉపన్యాసాలన్నీ భోజనాల తర్వాతకి పెట్టండి. ఎవరొచ్చినా సరే.

ఎనిమిదింటికి అంబేడ్కర్ విగ్రహం దగ్గర నుంచి బుద్ధరూపాన్ని ఊరేగింపుగా తీసుకురండి. డప్పు ఉండొచ్చు, ఉండాలి కూడా. విహారం దగ్గరికి రాగానే ఆపేయండి. జెండా ఎగరేసి, చెప్పులు విడిచి, లోపలికి నడవండి.

రూపాన్ని పీఠం మీద పెట్టాక అందరూ కూర్చుని "నమో తస్స భగవతో అరహతో సమ్మాసంబుద్ధస్స" మూడుసార్లు చెప్పి, భంతేని త్రిశరణ పంచశీలాలు అడగాలి. పంచశీలాలు పాళీలో ఒకసారి, వెంటనే తెలుగులో ఒకసారి చెప్పించండి. ప్రాణం తీయను, ఇవ్వనిది తీసుకోను, తప్పుడు కామానికి పోను, అబద్ధం ఆడను, మత్తు పుచ్చుకోను. అయిదోది చెప్పేటప్పుడు మగవాళ్ళ గొంతు తగ్గుతుంది. తెలుగులో చెప్పిస్తే తప్పించుకోలేరు.

పూలు పెట్టేటప్పుడు ఈ గాథలో చివరి మాటలు అర్థంతో సహా నేర్పండి: "పుప్ఫం మిలాయాతి యథా ఇదం మే, కాయో తథా యాతి వినాసభావం." ఈ పువ్వు వాడిపోయినట్టే నా ఒళ్ళూ వాడిపోతుంది. పూలు ఎందుకు పెడతామో పిల్లలకు ఇంకేం చెప్పక్కర్లేదు.

విగ్రహం మీది ముసుగు తీసేటప్పుడు భంతేలు "అనేకజాతిసంసారం" గాథలు చదువుతారు, బోధి పొందాక బుద్ధుడు పలికినవి. "గహకారక దిట్ఠోసి", ఇల్లు కట్టేవాడా, నిన్ను చూశాను, ఇక నువ్వు ఇల్లు కట్టలేవు అని. కొత్త కట్టడంలో కూర్చుని ఆ మాట వింటే ఒళ్ళు జలదరిస్తుంది.

తర్వాత పరిత్త. దారం కొస విగ్రహం దగ్గర మొదలై, కుండ మెడకి మూడు చుట్లు తిరిగి, భంతేల చేతుల్లోంచి జనంలోకి వస్తుంది. మంగళ సుత్తం, రతన సుత్తం, కరణీయ మెత్త సుత్తం చదువుతారు. ముప్పావు గంట పట్టొచ్చు. వైశాలిలో కరువు, రోగం వచ్చినప్పుడు ఆనందుడు బుద్ధుడి భిక్షాపాత్రలో నీళ్ళు పట్టుకుని రతన సుత్తం చదువుతూ ఊరంతా చల్లాడని అట్ఠకథ (పాత వ్యాఖ్యానం) చెప్తుంది. చదవడం మొదలయ్యే ముందు ఈ కథ రెండు నిమిషాల్లో చెప్పేయండి, అప్పుడు పిల్లలు కూడా దారం వదలకుండా పట్టుకుంటారు. పూర్తయ్యాక భంతే ఆ నీళ్ళు నాలుగు మూలలా, గుమ్మం మీద, జనం మీద చల్లుతారు.

అప్పుడే విహారాన్ని సంఘానికి అర్పించే మాట చెప్పాలి: "ఆగతానాగతస్స చాతుద్దిసస్స సంఘస్స", వచ్చిన, రాబోయే, నాలుగు దిక్కుల సంఘానికి. కాగితాలు సొసైటీ పేరుతోనే ఉంటాయి. మాటలో మాత్రం దాన్ని ఏ కులానికీ, ఏ వీధికీ కట్టెయ్యకండి.

పదకొండు కల్లా భంతేలకు భోజనం వడ్డించండి. చీవరాలు (భిక్షువుల వస్త్రాలు) ఇవ్వాలనుకున్నవాళ్ళు ఇప్పుడే ఇవ్వాలి. ఆడవాళ్ళు ఇచ్చేటప్పుడు భంతే పరిచిన గుడ్డ మీద పెడితే చాలు, చేతికి అందించక్కర్లేదు.

భోజనమయ్యాక పుణ్యానుమోదన, అంటే చేసిన పుణ్యాన్ని పోయినవాళ్ళతో పంచుకోవడం. కట్టడానికి చెయ్యి సాయం చేసి ఇప్పుడు లేనివాళ్ళ పేర్లు రాసిపెట్టుకుని చదవండి. ఒక పళ్ళెంలో గిన్నె పెట్టి, చెంబుతో నీళ్ళు సన్నధారగా పోస్తూ ఉండాలి. భంతేలు "యథా వారివహా పూరా" చదువుతుంటే గిన్నె నిండి, అంచు దాటి, పళ్ళెంలోకి పొర్లుతుంది. నదులు నిండి సముద్రాన్ని నింపినట్టు మనం ఇచ్చింది పోయినవాళ్ళకి చేరాలని దాని అర్థం. మా ఊళ్ళో ధార పోసింది పునాదికి రాళ్ళు మోసి, విహారం పూర్తికాకముందే పోయిన కుర్రాడి తల్లి. చెంబు ఒరుగుతుంటే పక్కనున్న నలుగురూ ఆమె చెయ్యి పట్టుకున్నారు. ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసి, గుమ్మం దాకా అందరూ కలిశారు. ధార తెగకుండా చూసుకోండి, గిన్నె చిన్నది పెట్టుకుంటే తొందరగా పొర్లుతుంది.

ఆ నీళ్ళు రావి మొక్కకి పోయండి. కుండలో మిగిలినవి ఇంటికో గ్లాసు పంచండి. కుండని మాత్రం పారేయకండి. కడిగి, విహారం గుమ్మం పక్కన ఇసుక పోసి దాని మీద పెట్టి, మూతా గ్లాసూ పెట్టండి. మాఘంలో విహారం తెరిస్తే వెంటనే ఎండలొస్తాయి. మా కుండ ఇప్పుడు చలివేంద్రం. మిరపకాయలు కోసి వచ్చే కూలీలు అక్కడ ఆగి తాగి వెళ్తారు. పొద్దున్నే దాన్ని నింపడం ఈ వారం ఎవరి వంతో తలుపు మీద సుద్దతో రాసి ఉంటుంది.